పాఠకుల ప్రశ్నలు: జపాన్ తేనీటి పాత్రలు

ప్రశ్న: కొరియా నుంచి వచ్చిన, 'ఇదో' అని పిలిచే తరహా గిన్నెలో మచ్చా (గ్రీన్ టీ పొడితో చేసే టీ) తాగుతున్నాం. లోపలి సన్నగీతలు నల్లబడ్డాయి, ముక్కిన వాసన వస్తోంది. గిన్నె పాడైనట్టేనా?

జవాబు: గీతలు నల్లబడితే బెంగ అక్కర్లేదు. వాసనను మాత్రం వదిలేయకండి. ఈ గిన్నెల మట్టి గుల్లగా ఉంటుంది. కాల్చాక చల్లారేటప్పుడు గాజుపూత మట్టికన్నా ఎక్కువగా కుంచించుకుని వలలా చిట్లుతుంది. ఆ సందుల్లోంచి టీ లోపలికి ఇంకుతుంది. అలా రంగు మారడాన్ని తేనీటి గురువులు ఇష్టంగా చూస్తారు. క్యోతోలో దైతొకుజి ఆలయ ప్రాంగణంలోని కొహోఅన్ అనే ఉపాలయంలో ఉన్న కిజాయెమొన్ అనే కొరియా గిన్నెకు అతుకులు కూడా ఉన్నాయి. అయినా అది జపాన్ జాతీయ నిధి.

వాసనకు కారణం సరిగా ఆరకపోవడం. గిన్నె అడుగున పాదానికి పూత ఉండదు, చెమ్మ అక్కడే చివరిదాకా నిలుస్తుంది. పైకి పొడిగా కనబడగానే పెట్టెలో పెట్టేస్తే లోపల బూజు పడుతుంది. వాడే ముందు గోరువెచ్చని నీళ్లలో పది పదిహేను నిమిషాలు నానబెట్టండి. మట్టి ముందే మంచినీళ్లు పీల్చుకుంటే టీ తక్కువగా ఇంకుతుంది. తాగిన వెంటనే వేడినీళ్లతో కడగండి. సబ్బు వద్దు, అదీ లోపలే ఉండిపోతుంది. తుడిచి, పాదానికి గాలి తగిలేలా పక్కకు వాల్చి, నీడలో వారం ఆరనివ్వండి.

ఇప్పటికే పట్టిన వాసన పోవాలంటే గిన్నెను చన్నీళ్లలో ముంచి, సన్నసెగ మీద మెల్లగా కాచి, ఇరవై నిమిషాలు ఉంచండి. ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. హఠాత్తుగా బయటికి తీస్తే పగులుతుంది. బంగారు అతుకులున్న గిన్నెను మాత్రం ఇలా కాచకండి, అతుకు కింద ఉన్నది ఉరుషి, అంటే చెట్టు పాలతో వేసే పూత.

ప్రశ్న: ధూపం పెట్టుకునే చిన్న మూత డబ్బాలు మట్టివీ ఉన్నాయి, ఉరుషి పూసినవీ ఉన్నాయి. ఏది ఎప్పుడు వాడాలి?

జవాబు: టీకి నీళ్లు కాచే కుంపటిని బట్టి. మే నుంచి అక్టోబరు వరకు వాడే నేలమీది కుంపటికి గంధపు చెక్క ముక్కలు వేస్తారు, వాటికి చెక్క మీద ఉరుషి పూసిన డబ్బా. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు నేలలో దింపిన పొయ్యికి తేనె వంటివి కలిపి ముద్ద చేసిన ధూపం. అది జిగురుగా అంటుకుంటుంది కాబట్టి మట్టి డబ్బా, ముద్ద కింద కమేలియా ఆకు. గవ్వ డబ్బాలు రెండు కాలాలకూ చెల్లుతాయి.

దిగుమతుల్లో ఉరుషి పూత మీద సన్నగా చెక్కి రంగులు నింపిన కిన్మా డబ్బాలు థాయ్‌లాండ్, బర్మా వైపు నుంచి వచ్చాయి. చైనా మట్టి డబ్బాల మోజు ఎంతటిదంటే, 1855లో సుమో మల్లుల పట్టిక పద్ధతిలో వాటికీ వరుస స్థానాలు ఇచ్చి అచ్చువేశారు. అందులో మేటిగా నిలిచిన, 'కోచి' అనే రకం తాబేలు డబ్బాను 1912లో పారిశ్రామికవేత్త ఫుజితా దెంజబురో 90,000 యెన్లకు కొన్నారు. కోచి అనే పేరు వియత్నాం వైపు చూపినా, వాటి బట్టీలు చైనాలోని ఫుజియాన్‌లో బయటపడ్డాయి.

ప్రశ్న: మచ్చా పొడి పెట్టే నత్సుమెను (ఉరుషి పూసిన చెక్క డబ్బాను) కడగవచ్చా?

జవాబు: వద్దు. పొడి దులిపి, లోపల మెత్తని కాగితంతో, బయట పొడిబట్టతో తుడిస్తే చాలు. ఉరుషి మన లక్క వంటిది కాదు, చెట్టు పాలు. అది గట్టిపడటానికే తేమ కావాలి. గాలి మరీ పొడిగా ఉంటే లోపలి చెక్క కుంచించుకుని అంచుల్లో పూత లేస్తుంది. అందుకే పెట్టెలో సిలికా జెల్ పొట్లం పెట్టకండి. ఎండ తగిలితే నలుపు గోధుమరంగులోకి దిగుతుంది, తుడిచినా తిరిగి రాదు.