కన్జర్వేటరీకి గట్టి కప్పు వేయించాలంటే పర్మిషన్ కావాలా?

ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్నారు, వెనకాల పాత కన్జర్వేటరీ (ఇంటికి ఆనించి కట్టిన అద్దాల గది) ఉంది, పాలీకార్బొనేట్ షీట్లు తీసేసి టైల్స్‌తో గట్టి కప్పు వేయిద్దామనుకుంటున్నారు. సేల్స్ అతను "పర్మిషన్ ఏమీ అక్కర్లేదు" అన్నాడు, నమ్మొచ్చా అని కదా మీ ప్రశ్న? సగమే నమ్మండి. మేం మొత్తం నమ్మి ఇరుక్కున్నాం.

మాది రెడింగ్‌లో సెమీ డిటాచ్డ్ ఇల్లు. ఆ గది ఎండాకాలం కొలిమి, చలికాలం ఫ్రిజ్. వాన పడితే ఊళ్లో రేకుల షెడ్డు కింద కూర్చున్నట్టే, టీవీ కూడా వినపడేది కాదు. మా అత్తగారు వచ్చి ఉన్నన్నాళ్లూ ఆవకాయ జాడీలు పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు.

సేల్స్ వాళ్లు చెప్పేది ప్లానింగ్ పర్మిషన్, అంటే కట్టడానికి కౌన్సిల్ ఇచ్చే అనుమతి గురించి. అందులో అబద్ధమేం లేదు. గోడలు అలాగే ఉంచి కప్పు మాత్రం మారిస్తే మామూలుగా పర్మిటెడ్ డెవలప్‌మెంట్ (దరఖాస్తు పెట్టకుండానే చేసుకోగల పనులు) కిందకే వస్తుంది. మొత్తం ఎత్తు 4 మీటర్లు దాటకూడదు, సరిహద్దుకు 2 మీటర్ల లోపల ఉంటే చూరు ఎత్తు 3 మీటర్లు మించకూడదు. ఫ్లాట్లకు ఈ వెసులుబాటు లేదు, లిస్టెడ్ బిల్డింగ్ (చారిత్రకమని రక్షణ ఉన్న కట్టడం) అయితే వేరే అనుమతి కావాలి. కొన్ని కొత్త ఎస్టేట్లలో ఇళ్లు కట్టేటప్పుడే కౌన్సిల్ ఈ హక్కు తీసేసి ఉంటుంది, ఆ కాగితాలు ఒకసారి చూసుకోండి.

అసలు చిక్కు బిల్డింగ్ రెగ్యులేషన్స్‌తో, అంటే కట్టడం ఎలా ఉండాలో చెప్పే నియమాలతో. కన్జర్వేటరీకి వాటి నుంచి మినహాయింపు ఉంది. అయితే అది 30 చదరపు మీటర్ల లోపు ఉండాలి, ఇంటికీ దానికీ మధ్య బయటి రకం తలుపులుండాలి, ఇంటి హీటింగ్ అందులోకి లాగకూడదు. గాజు తీసి మళ్లీ గాజే వేస్తే సాధారణంగా గొడవ లేదు. గట్టి కప్పు వేస్తే మాత్రం ఆ మినహాయింపు పోయినట్టే లెక్క. బరువు నిలుస్తుందా, వేడి ఆగుతుందా అని ఆ నియమాలు తనిఖీ చేసే బిల్డింగ్ కంట్రోల్ వాళ్లు వచ్చి చూడాలి. కప్పు యూ వాల్యూ (వేడి ఎంత బయటికి పోతుందో చెప్పే అంకె, తక్కువైతే మంచిది) 0.15 ఉండాలన్నారు మాకు.

మా కంపెనీ ఇదేమీ చెప్పలేదు. నాకు అనుమానమొచ్చి కౌన్సిల్‌కి ఫోన్ చేసేసరికి పని సగంలో ఉంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి కప్పు వైపు చూడనే లేదు, నేరుగా తోటలోకి వెళ్లి "గోడ పక్కన ఒక గుంత తవ్వండి" అన్నాడు. మా ఆయన వానలో పార పట్టుకుని తవ్వారు. ఇన్‌స్పెక్టర్ మోకాళ్ల మీద వంగి, టేపుతో కాంక్రీటు మందం, లోతు కొలిచి రాసుకున్నాడు. పాలీకార్బొనేట్ తేలిక కాబట్టి పాతవాళ్లు పునాది పైపైన వేసి వదిలేసిన ఇళ్లు చాలా ఉంటాయట. మా అదృష్టం, సరిపోయింది. కిటికీ ఫ్రేముల మూలల్లో మాత్రం స్టీల్ వేయించాల్సి వచ్చింది.

అక్కడితో అయిపోలేదు. లోపల ఇన్సులేషన్ చూపించకుండానే ప్లాస్టర్‌బోర్డు కొట్టేశారు పనివాళ్లు. ఫోటోలు చూపిస్తే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోలేదు. రెండు బోర్డులు ఊడదీయించి, టార్చి వేసి చూసి, అప్పుడు కదిలాడు. ఆ వారం టెన్షన్ చెప్పలేను.

మీరు ముందే బిల్డింగ్ కంట్రోల్‌కి బిల్డింగ్ నోటీసు (వివరమైన ప్లాన్లు లేకుండా ఇచ్చేది) గానీ ఫుల్ ప్లాన్స్ (పూర్తి ప్లాన్లతో పెట్టే దరఖాస్తు) గానీ పెట్టించండి. నా సలహా ఫుల్ ప్లాన్స్. జవాబు రావడానికి అయిదు వారాలు, మీరు ఒప్పుకుంటే రెండు నెలల దాకా పట్టొచ్చు గానీ, పని మొదలుకాకముందే ఏం కావాలో తెలిసిపోతుంది. దరఖాస్తు ఎవరు పెడతారు, ఫీజు ఎవరు కడతారు అన్నది కొటేషన్‌లోనే రాయించుకోండి. మధ్య తలుపులు తీసి కిచెన్‌తో కలిపేద్దామనుకుంటే ముందే చెప్పండి, అప్పుడు లెక్కంతా మారిపోతుంది.

చివర్లో బిల్డింగ్ కంట్రోల్ ఇచ్చే కంప్లీషన్ సర్టిఫికెట్ జాగ్రత్తగా దాచుకోండి. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సొలిసిటర్ అడిగేది అదే. అది లేకపోతే తర్వాత రెగ్యులరైజేషన్ (అయిపోయిన పనికి ఆమోదం అడిగే దరఖాస్తు) పెట్టుకోవచ్చు గానీ, అప్పుడు పూర్తయిన కప్పునే విప్పి చూపించమనొచ్చు. మేం చివరి వాయిదా డబ్బు ఆ కాగితం చేతికొచ్చాకే ఇచ్చాం. కంపెనీ వాళ్లు నాలుగుసార్లు ఫోన్ చేశారు, అయినా ఇవ్వలేదు.