టీనేజ్ పిల్లలు మాట్లాడట్లేదు, చదవట్లేదు అంటున్నవాళ్ళకి

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది ఇదే అడుగుతున్నారు, హైదరాబాద్‌లో ఉన్నప్పుడు గలగలా మాట్లాడేవాడండీ, ఇక్కడికొచ్చి ఆర్నెల్లు కాలేదు, స్కూల్ నుంచి రాగానే రూమ్ తలుపేసుకుంటున్నాడు, పుస్తకం ముట్టుకోడు, ఏం చెయ్యాలి అని. డాలస్ పక్కన ఇరవై ఏళ్ళుగా ఉంటున్నా, ఇద్దర్ని పెంచాను, నాకు తెలిసింది చెప్తాను.

కాలేజీలో చేరడానికి రాసే ఎస్ఏటీ పరీక్ష కోసం పుస్తకాలు చదవరా అని మాత్రం అనకండి. ఇక్కడ 2024 నుంచి ఆ పరీక్ష మొత్తం కంప్యూటర్ మీదే, ప్యాసేజీలు 150 పదాలు దాటవు, ఆ సంగతి మీవాడికి మీకన్నా బాగా తెలుసు. అసలు కష్టం కాలేజీ అప్లికేషన్ దగ్గరొస్తుంది, చాలా కాలేజీలకి ఒకేచోట అప్లై చేసే కామన్ యాప్‌లో 650 పదాల్లోపు తన గురించి తనే రాసుకోవాలి. మా పెద్దాడు ఆ ఖాళీ పేజీ ముందు వారాల తరబడి కూర్చున్నాడు, తప్పు నాదే, హైస్కూల్ మొత్తం వాణ్ణి నేను అడిగింది రెండే, టెస్ట్ ఎలా రాశావ్, హోంవర్క్ అయ్యిందా.

చిన్నదానితో మారాను. మీ ఊరి లైబ్రరీకి ఐడీ, లీజ్ కాపీ పట్టుకెళ్తే చాలాచోట్ల కార్డు ఫ్రీగా ఇస్తారు, టీనేజ్ వాళ్ళకి వేరే అరలుంటాయి, అక్కడ వదిలేసి మీరు దూరంగా కూర్చోండి. మాంగా అనే జపాన్ కామిక్స్ తెచ్చుకున్నా సరే, బొమ్మల పుస్తకమా అని మొహం చిట్లించకండి. తర్వాత అదే పుస్తకం మీరూ చదవండి, టైమ్ లేకపోతే అదే కార్డుతో లైబ్రరీ పుస్తకాలు ఫోన్‌లో ఇచ్చే లిబ్బీ యాప్‌లో ఆడియో దొరుకుతుందేమో చూడండి, ఆఫీసుకెళ్తూ వినొచ్చు. నేనలాగే విని, కథలో ఆ పిల్ల వాళ్ళమ్మకి అబద్ధం చెప్పడం నాకు నచ్చలేదే అన్నానో రోజు, మా చిన్నది చెవిలో ఇయర్‌ఫోన్ తీసేసి, నీకసలు అర్థం కాలేదు నాన్నా అని ఇరవై నిమిషాలు వాదించింది, అంతసేపు అది నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

ఇంకొకటి కారు. టెక్సస్‌లో 15 ఏళ్ళకి లెర్నర్ లైసెన్స్ వస్తుంది, పెద్దవాళ్ళు పక్కన కూర్చుని 30 గంటలు నడిపించాలి, అందులో 10 రాత్రిపూట. ఆ గంటలు దయచేసి ఇంకెవరికీ వదిలెయ్యకండి, ఫోన్ పట్టుకోడానికి లేదు, మొహాలు చూసుకోనక్కర్లేదు, చీకటి, పిల్లలకి మాట్లాడ్డం తేలికవుతుంది. మాది ఓ రాత్రి ఇంటికొచ్చి ఇంజిన్ ఆపేసి దిగలేదు, స్టీరింగ్ మీద గోరుతో గీస్తూ కూర్చుంది, నేనూ కదల్లేదు, కాసేపటికి గరాజ్ లైట్ దానంతటదే ఆరిపోయింది. అప్పుడు చెప్పింది, రెండు నెలలుగా లంచ్‌లో ఒక్కత్తే కూర్చుంటున్నానని. అంతా ఇంగ్లీషులోనే చెప్పింది, తెలుగులో చెప్పమ్మా అని నేను మధ్యలో ఆపలేదు.