డాక్టర్ సలహా: చలికాలం వస్తోందంటేనే గుండె దడగా ఉంటోంది!

ప్రశ్న: నా వయసు 31. మాది కాకినాడ దగ్గర పల్లెటూరు. మావారి ఉద్యోగం వల్ల నిరుడు ఆగస్టులో కెనడాలోని ఎడ్మంటన్ వచ్చాం. నాలుగేళ్ల పాప ఉంది. నేను ఇంట్లోనే ఉంటున్నాను. నవంబరు వచ్చేసరికి నాకేదో అయింది. పది పదకొండు గంటలు పడుకున్నా నిద్ర తీరేది కాదు. కాళ్లూ చేతులూ బరువుగా ఉండేవి. రాత్రయితే అన్నం, స్వీట్లు తెగ తినేదాన్ని. ఆరు కిలోలు పెరిగాను. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తబుద్ధయ్యేది కాదు. సంక్రాంతి రోజు ఊరికే ఏడుస్తూ కూర్చున్నాను. ఏప్రిల్ వచ్చేసరికి ఎవరో చేత్తో తీసేసినట్టు అంతా పోయింది. ఇప్పుడు ఇంటి ముందు చెట్ల ఆకులు పసుపు రంగుకు తిరుగుతుంటే మళ్లీ భయం పట్టుకుంది. ‘ఇక్కడ అందరూ ఉండట్లేదా, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు’ అంటున్నారు మావారు. ఈసారి మనసును ఎలా సిద్ధం చేసుకోవాలి? మందులు వాడితే అలవాటైపోతాయా?
– ఓ పాఠకురాలు, ఎడ్మంటన్

సమాధానం: మీరు సెప్టెంబరులోనే రాశారు, చాలా సంతోషం. ఇలాంటి ఉత్తరాలు నాకు ఎక్కువగా జనవరిలో వస్తాయి. అప్పటికి మనిషికి మంచం దిగడమే గగనంగా ఉంటుంది, నేను ఏ సలహా చెప్పినా ‘నావల్ల కాదు డాక్టర్ గారూ’ అంటారు. వాళ్ల తప్పు కాదది. వెనక మన ఇళ్లలో వానలు మొదలవకముందే కట్టెలు, పిడకలు అటకెక్కించేవారు. తడిసిన కట్టెతో పొయ్యి రాజేయడం ఎవరి తరమూ కాదు కదా! మీకు ఇప్పుడు ఒంట్లో ఓపిక ఉంది. ఈ నెల రోజుల్లో చేసుకునే ఏర్పాట్లే డిసెంబరులో మిమ్మల్ని కాస్తాయి.

ముందుగా మీవారి మాట గురించి. మీరు ఎక్కువ ఆలోచించడం వల్ల వచ్చింది కాదిది. కాకినాడలో ఏడాది మొత్తంలో అతి చిన్న పగలు కూడా 11 గంటలు ఉంటుంది. పుట్టినప్పటి నుంచి మీ ఒళ్లు ఆ వెలుగుకే అలవాటు పడింది. ఎడ్మంటన్‌లో డిసెంబరు 21 ప్రాంతంలో పగలు ఏడున్నర గంటలే. ఉదయం కంట్లో పడే వెలుగు మెదడులోని గడియారానికి ‘తెల్లారింది, లే’ అని చెబుతుంది. ఆ కబురు ఆలస్యమైతే నిద్ర, ఆకలి, హుషారు అన్నీ గాడి తప్పుతాయి. ఈ జబ్బును 1984లో నార్మన్ రోసెంథాల్ అనే మానసిక వైద్యుడు, ఆయన తోటి పరిశోధకులు వివరంగా చెప్పి, సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్ అని పేరు పెట్టారు. మామూలు డిప్రెషన్‌లో చాలామందికి నిద్ర పట్టదు, అన్నం సహించదు. ఇందులో తరచూ అందుకు తలకిందులుగా ఉంటుంది: అతినిద్ర, తీపి మీదికి, అన్నం మీదికి మనసు పోవడం, బరువు పెరగడం, కాళ్లూ చేతులకు రాళ్లు కట్టినట్టుండడం. మీరు రాసినవి సరిగ్గా ఇవే. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

అయినా మీకు ఈ జబ్బే ఉందని ఇక్కడ కూర్చుని ఖాయంగా చెప్పను. వరుసగా రెండేళ్లు ఒకే కాలంలో వచ్చి, మళ్లీ తగ్గితేనే డాక్టర్లు దీన్ని నిర్ధారిస్తారు. మీకు ఒక్క చలికాలమే గడిచింది. పైగా నిరుడు మీకు వెలుగు ఒక్కటే తగ్గలేదు. అమ్మ దూరమైంది, తలుపు తీస్తే పలకరించే పక్కింటివాళ్లు లేరు, రోజంతా పాప, నాలుగు గోడలు. వీటిలో ఏదెంత అని విడదీయడం కష్టం. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బి12 తక్కువైనా ఇలాగే నీరసం, మగత ఉంటాయి. కాబట్టి ఈ నెలలోనే ఫ్యామిలీ డాక్టర్‌కు చెప్పి ఆ రక్తపరీక్షలు చేయించండి.

ఇక ఏర్పాట్లలో మొదటిది వెలుగు. మనసుకు ధైర్యం చెప్పుకోవడం కన్నా ముందు దీన్ని పెడుతున్నాను, ఎందుకంటే వెలుగు అందని మెదడుకు ధైర్యవచనాలు ఎక్కవు. ఇంట్లో లైట్లన్నీ వేసినా మన కంటికి అందేది కొన్ని వందల లక్స్ వెలుగే (వెలుగును కొలిచే కొలమానం లక్స్). ఈ చికిత్సకు వాడే లైట్ థెరపీ ల్యాంప్ 10,000 లక్స్ ఇస్తుంది. కొనేటప్పుడు రెండు చూడండి: అల్ట్రావయొలెట్ కిరణాలను ఆపే ఫిల్టర్ ఉండాలి, ఎంత దూరంలో 10,000 లక్స్ వస్తుందో డబ్బా మీద రాసి ఉండాలి. అరచేతిలో పట్టే చిన్న ల్యాంపులకు ముఖం ఆనించి కూర్చుంటే తప్ప ఆ వెలుగు రాదు, అవి వద్దు. కొనేముందు వాడి చూడాలనుకుంటే మీ దగ్గరి లైబ్రరీలో అడగండి, కెనడాలో కొన్ని పబ్లిక్ లైబ్రరీలు వీటిని అందుబాటులో ఉంచాయి.

వాడే పద్ధతి చెబుతాను. ల్యాంపును భోజనాల బల్ల మీద మీకు మూరెడు దూరంలో, కాస్త పక్కగా, కళ్లకన్నా కొంచెం ఎత్తులో పెట్టండి. లేచిన గంటలోపు దాని ముందు కూర్చుని కాఫీ తాగండి, కూరలు తరుక్కోండి, పాపకు జడ వేయండి. ల్యాంపు వైపే చూడనక్కర్లేదు, చూడకూడదు కూడా. కళ్లు తెరుచుకుని ఉండి ఆ వెలుగు ముఖం మీద పడితే చాలు. రోజూ ఇరవై నిమిషాల నుంచి అరగంట. మొదటి రోజుల్లో తలనొప్పి, కళ్లు లాగడం ఉంటే పదిహేను నిమిషాలతో మొదలుపెట్టండి. సాయంత్రం మాత్రం వాడొద్దు, రాత్రి నిద్ర చెడుతుంది. అక్టోబరు మొదటి వారంలోనే మొదలుపెట్టి, మార్చి చివరి దాకా ఆదివారాలు కూడా మానకుండా చేయండి. మీ పొద్దుటికి ఇక్కడ రాత్రి భోజనాల వేళ. ఆ అరగంటనే అమ్మకు ఫోన్ చేసే సమయంగా పెట్టుకోండి. ‘ఫోన్ ఎత్తకపోయినా కంగారు పడకు, మళ్లీ మళ్లీ చెయ్యి’ అని ఆవిడకు ఇప్పుడే చెప్పి ఉంచండి.

మీకు గానీ, మీ పుట్టింట్లో ఎవరికైనా గానీ బైపోలార్ జబ్బు (కొన్నాళ్లు అతి ఉత్సాహం, కొన్నాళ్లు దిగులు) ఉన్నా, మీకు రెటీనా సమస్య ఉన్నా, ఒంటికి ఎండ సరిపడకుండా చేసే మందులేమైనా వాడుతున్నా డాక్టర్‌ను అడగకుండా ఈ ల్యాంప్ జోలికి వెళ్లకండి.

ల్యాంపు ఉంది కదా అని బయటికి పోవడం మానకండి. మబ్బు పట్టిన రోజు కూడా పగటిపూట ఆరుబయట వెలుగు ఇంట్లోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది, చలికి భయపడి కిటికీ పరదాలు కూడా వేసేసుకుంటారు. పగలు పరదాలు పూర్తిగా తీసేయండి. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు నడవండి. బయల్దేరేముందు విండ్ చిల్, అంటే గాలి కూడా కలిసి ఒంటికి తెలిసే చలి, ఎంతో చూసుకోండి. మైనస్ 28 దాటిందంటే బయటికి కనిపించే చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. అలాంటి రోజు మీ ఊళ్లోని మట్టార్ట్ కన్సర్వేటరీకి పాపను తీసుకుపోండి. ఆ గాజు పిరమిడ్లలో ఒక దాంట్లో ఉష్ణమండలపు చెట్లుంటాయి. గోదావరి జిల్లాలో పుట్టిన మనిషికి తడి గాలి, పచ్చటి ఆకులు ఒక గంటసేపు దొరకడం చిన్న విషయం కాదు.

మంచి బూట్లు, మందపాటి కోటు సేల్ వచ్చేదాకా ఆగి కొనుక్కుందాంలే అనుకోకండి. నిరుడు మీరు ఇల్లు కదలకపోవడానికి సగం కారణం అదే కావచ్చు.

విటమిన్ డి గురించి చాలామంది అడుగుతారు. మీ ఎడ్మంటన్‌లోనే చేసి 1988లో ప్రచురించిన పరిశీలన ఒకటుంది. అక్కడ అక్టోబరు నుంచి మార్చి దాకా ఎండకు చర్మంలో విటమిన్ డి తయారు కాదని అందులో తేలింది. అందుకని రోజుకు 600 యూనిట్లు అందేలా చూసుకోండి. దీంతో డిప్రెషన్ పోతుందని నేను హామీ ఇవ్వను, ఎముకలకైతే తప్పక అవసరం. ఇక్కడి నుంచి అమ్మావాళ్లు పంపే 60,000 యూనిట్ల బిళ్లలను మాత్రం పరీక్ష లేకుండా మింగకండి.

ఇప్పుడు మనసు సంగతి. నార్వేలో ట్రోమ్సో అనే ఊరుంది. నవంబరు చివరి నుంచి దాదాపు రెండు నెలలు అక్కడ సూర్యుడు ఉదయించడు. కారీ లీబోవిట్జ్ అనే అమెరికన్ సైకాలజిస్టు అక్కడ ఉండి గమనించింది ఏమిటంటే, ఉత్తరానికి పోయేకొద్దీ చలికాలాన్ని జనం మరింత ఇష్టంగా చూస్తున్నారు. దాన్ని ఎలాగోలా గడిచిపోవాల్సిన శిక్షగా కాకుండా, దానికి మాత్రమే ఉన్న సంతోషాలతో కలిపి చూస్తారు. ఇది జబ్బుకు మందు కాదు, ఆ తేడా గుర్తుంచుకోండి. కానీ మనకూ ఇందులో పనికొచ్చేది ఉంది.

మీకు బాగా చీకటిగా ఉండే రోజులేవో చూడండి. డిసెంబరు 16 నుంచి సంక్రాంతి దాకా, అంటే సరిగ్గా మన ధనుర్మాసం! మన అమ్మమ్మలు ఈ నెలంతా చీకటితోనే లేచి, ముగ్గు పెట్టి, దీపం వెలిగించి, పొంగలి వండేవారు. పొద్దున్నే ఒకే వేళకు లేవడం, లేవగానే చేయాల్సిన పని ఒకటి ఉండడం, ఆ పనిలో కాస్త అందం ఉండడం. నా పేషెంట్లకు నేను చెప్పే చికిత్సలో ముఖ్యమైన భాగం ఇదే. వాకిట్లో మంచు ఉంటే పళ్లెంలో ముగ్గు వేయండి, పాపతో రంగులు వేయించండి. అంతకుముందే కార్తీకం వస్తుంది. నాలుగున్నరకు చీకటి పడగానే ‘అయ్యో, అప్పుడే’ అనుకునే బదులు దీపం పెట్టే వేళైందని లేవండి. నెలకొకసారి ఇద్దరు ముగ్గురు తెలుగువాళ్లను భోజనానికి పిలవండి. ఆ తేదీలు ఇప్పుడే ఖాయం చేసి వాళ్లకు చెప్పేయండి, అప్పుడు బుద్ధి పుట్టకపోయినా రద్దు చేయడం కష్టం. సంక్రాంతికల్లా మీ పగలు అరగంటకు పైగా పెరుగుతుంది, ఫిబ్రవరి చివరికి పదిన్నర గంటలు దాటుతుంది. క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

‘ఇంకా ఐదు నెలలు ఎలా బతకాలి’ లాంటి ఆలోచనలు వదలకపోతే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స, బాగా పనిచేస్తుంది. అమెరికాలోని వెర్మాంట్ యూనివర్సిటీలో కెల్లీ రోహన్ బృందం 177 మందితో ఈ థెరపీని లైట్ థెరపీతో పోల్చి చూసింది. ఆ చలికాలం వరకు రెండూ సమానంగానే పనిచేశాయి. రెండో చలికాలానికి మాత్రం ల్యాంపు వాడినవాళ్లలో దాదాపు 46 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, ఈ థెరపీ తీసుకున్నవాళ్లలో 27 శాతం మందికే.

మందులు అలవాటైపోతాయన్నది మనవాళ్ల పెద్ద భయం. డిప్రెషన్ మందులు నిద్రమాత్రల్లా, మత్తుమందుల్లా వ్యసనం కావు. మానేసేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి, అంతే. ఈ జబ్బు రాకుండా ముందుగానే వాడడానికి బుప్రోపియాన్ అనే మందుకు అమెరికాలో 2006లో అనుమతి ఇచ్చారు. శరదృతువులో మొదలుపెట్టి వసంతంలో ఆపేస్తారు. మూర్ఛ ఉన్నవాళ్లకు ఇవ్వరు. మీకు అవసరమో కాదో అక్కడి డాక్టర్ చూసి చెప్పాలి. గర్భం ఆలోచన ఉంటే అది కూడా చెప్పండి.

ఎప్పుడైనా ‘నేను లేకపోతేనే నయం’ అన్న ఆలోచన వస్తే మర్నాటి దాకా ఆగకండి. కెనడాలో ఏ వేళలోనైనా 988కు ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఈ నంబరు మీ ఫోన్‌లోనే కాదు, మీవారి ఫోన్‌లో కూడా ఉండాలి.

ఈ జవాబు ఆయనకు చదివి వినిపించండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన్ను కూడా వెంటబెట్టుకెళ్లండి. ఎన్ని గంటలు పడుకునేవారు, ఏ నెలలో మొదలైంది, ఎప్పుడు తగ్గింది అని డాక్టర్ అడిగితే, నిరుడు మిమ్మల్ని రోజూ దగ్గర నుంచి చూసిన మనిషి ఆయనొక్కరే.