మీ సందేహాలు, మా సమాధానాలు: అక్వేరియంలో నీళ్లు తేటగానే ఉన్నాయి, మరి చేపలెందుకు చనిపోతున్నాయి?

ప్రశ్న: బాబు పుట్టినరోజుకి రెండడుగుల ట్యాంక్ కొన్నామండీ. పొద్దున నీళ్లు పోసి సాయంత్రానికి 8 గోల్డ్‌ఫిష్‌లు వేసేశాం, షాపులో అలానే చెప్పారు. నాలుగో రోజు నుంచి ఒక్కొక్కటీ పైకొచ్చి నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటూ చనిపోతోంది. ప్రతి ఆదివారం మొత్తం నీళ్లు తీసేసి రాళ్లు, ఫిల్టర్ స్పాంజ్ అన్నీ కుళాయి కింద కడుగుతున్నాం, నీళ్లు తేటగా ఉన్నాయి. లోపం ఎక్కడుంది?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఈ ఆదివారం ట్యాంక్ కడగడం ఆపేయండి. మీరు చెప్పినదాన్నిబట్టి చేపల్ని చంపుతున్నది దాదాపుగా అమ్మోనియానే. అది కంటికి కనపడదు, చేపని చంపేంత ఉన్నా మనకి వాసన కూడా తెలియదు, అందుకే నీళ్లు తేటగా ఉన్నాయి కదా అని అందరం ధీమాగా ఉంటాం. చేప మొప్పల్లోంచి అమ్మోనియా ఎప్పుడూ నీళ్లలోకి వస్తూనే ఉంటుంది, తినకుండా వదిలేసిన మేత, మలం కుళ్లితే ఇంకాస్త కలుస్తుంది. రెండడుగుల ట్యాంక్‌లో పట్టేదే 55 లీటర్లు, రాళ్లు పోశాక అంతకన్నా తక్కువ, అందులో 8 గోల్డ్‌ఫిష్‌లంటే చాలా ఎక్కువండీ, అవి తిండీ ఎక్కువే తింటాయి, నీళ్లూ ఎక్కువే పాడుచేస్తాయి. నిజానికి ఆ ట్యాంక్‌కి రెండు గోల్డ్‌ఫిష్‌లే ఎక్కువ.

మరి పాత ట్యాంకుల్లో చేపలు ఎలా బతుకుతున్నాయంటే, స్పాంజ్ మీద, రాళ్ల మీద కొన్ని రకాల బ్యాక్టీరియా కాపురం పెడతాయి. ఒక రకం అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. మధ్యలో వచ్చే నైట్రైట్ కూడా విషమే, అది ఎక్కువైతే చేప రక్తం ఆక్సిజన్ మోయలేదు, మొప్పలు ఎర్రగా ఉండాల్సింది గోధుమరంగులోకి తిరుగుతాయి. చివర్న మిగిలే నైట్రేట్‌తో అంత గండం లేదు, 40 పిపిఎం, అంటే లీటరుకి 40 మిల్లీగ్రాములు, దాటకుండా చూసుకుంటే చాలు. అయితే ఈ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరేమో వారం వారం స్పాంజ్‌ని క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లతో కడిగి రాళ్లు కూడా తోమేస్తున్నారు, అంటే పెరిగిన కాస్తా పోయి ప్రతిసారీ మొదటికొస్తోంది.

ఇప్పుడు ఏం చేయాలంటే, మిగిలిన చేపలకి మేత రోజు విడిచి రోజు, రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే వేయండి. రోజూ పావు వంతు నీళ్లు తీసి, క్లోరిన్ తీసేసిన నీళ్లు దాదాపు అదే వేడిలో ఉన్నవి నెమ్మదిగా పోయండి. స్పాంజ్ మరీ మూసుకుపోతే ట్యాంక్‌లోంచి తీసిన నీళ్ల బకెట్లోనే ముంచి రెండుసార్లు పిండి పెట్టేయండి, మురికిగా కనిపించినా పర్లేదు, మనకి కావాల్సింది అదే. తెలిసినవాళ్ల ఇంట్లో జబ్బుల్లేని పాత ట్యాంక్ ఉంటే వాళ్ల స్పాంజ్‌లోంచి ఒక ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టర్లో పెట్టండి, దాన్ని మించిన సాయం లేదు. తెచ్చేటప్పుడు ఆ ట్యాంక్ నీళ్లలోనే తడిగా తేవాలి. జబ్బేమీ లేకుండానే నీలం మందు, అదే మిథిలీన్ బ్లూ, చుక్కలు వేస్తుంటారు చాలామంది, అది ఈ బ్యాక్టీరియాని కూడా దెబ్బతీస్తుంది, వద్దు. టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కోండి, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తూ ఓ వారం నిలబడితే అప్పుడు వారానికోసారి పావు వంతు నీళ్లు మారిస్తే సరిపోతుంది. అప్పటిదాకా బాబు ఎంత అడిగినా కొత్త చేప తేవద్దమ్మా.

ప్రశ్న: మాకు కుళాయిలో మంజీరా నీళ్లూ వస్తాయి, బోరూ ఉంది. ఏవి పోయాలి? ఆర్‌ఓ నీళ్లయితే సేఫ్ అంటున్నారు.
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది మొప్పల్ని కాల్చేస్తుంది. వెడల్పాటి టబ్‌లో 24 గంటలు మూతలేకుండా ఉంచండి, అందులో ఎయిర్ పంప్ పెడితే ఇంకా మంచిది, తొందరుంటే షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు సీసా మీద రాసినంతే వేయండి. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కానీ గట్టి నీళ్లు, అంటే లవణాలు ఎక్కువ, గీజర్లో తెల్లగా పేరుకునేవి అవే. గప్పీలు, మోలీలు, ప్లాటీలు అందులో హాయిగా బతుకుతాయి, నియాన్ టెట్రాలు, డిస్కస్‌లకి మాత్రం పడదు. బోరు నీళ్లని కూడా కాసేపు గాలి ఆడించాకే పోయండి, భూమిలోంచి వచ్చేటప్పుడు వాటిలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది. ఇంకో సంగతి, పిహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత, 7 నుంచి 8కి పెరిగిందంటే అమ్మోనియాలో చేపని చంపే భాగం దాదాపు పది రెట్లవుతుంది, కాబట్టి పిహెచ్ ఎక్కువున్న బోరు నీళ్లు వాడేవాళ్లు మేత విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండాలి.

ఆర్‌ఓ నీళ్లు ఒక్కటే పోయకండి సార్. చేపకి కావాల్సిన లవణాలు అందులో దాదాపు ఉండవు, పిహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది. బోరు నీళ్లు మరీ గట్టిగా ఉంటే సగం సగం కలుపుకోండి. ఏ నీళ్లయినా ఒకటి పట్టుకుని దాన్నే కొనసాగించండి, ఓ వారం ఇవీ ఓ వారం అవీ మారిస్తే చేపలు తట్టుకోలేవు.

ప్రశ్న: ఎండాకాలం కరెంటు పోతే ఏం చేయాలండీ?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్లలో 30 దగ్గర ఏడున్నరే పడుతుంది, పైగా ఆ వేడిలో చేపకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి, అది లేకపోతే మగ్గుతో ట్యాంక్ నీళ్లే తీసి కొంచెం ఎత్తునుంచి మళ్లీ పోస్తూ ఉండండి. కరెంటు లేనంతసేపూ మేత వేయొద్దు. కరెంటు ఉన్నప్పుడు మూత తీసి నీళ్ల పైభాగానికి ఫ్యాన్ గాలి తగిలేలా పెడితే కొంత చల్లబడుతుంది, ఐసు ముక్కలు మాత్రం వేయకండి. మూసి ఉండే ఫిల్టర్ అయితే, అది గంటలకొద్దీ ఆగిపోతే, కరెంటు రాగానే స్విచ్ వేయకుండా ముందు తెరిచి వాసన చూడండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపలి నీళ్లు పారబోసి, స్పాంజ్‌ని ట్యాంక్ నీళ్లతో పిండి, ఆ తర్వాతే ఆన్ చేయండి.