తుపాకీ అడిగే పిల్లలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. పిల్లల చేతికి తుపాకీ ఎప్పుడివ్వాలి, అసలివ్వాలా? ఆటది, జాతరది, పొలంలోది, అమెరికా ఇంట్లోది ఒకే గాటన కట్టలేం కాబట్టి విడివిడిగా చెబుతున్నాం.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. టీవీలో ఒలింపిక్స్ చూసినప్పటి నుంచి షూటింగ్ నేర్చుకుంటానని ఒకటే గొడవ. ఇప్పుడే చేర్చాలా, ఆగాలా? రైఫిలా, పిస్టలా? తుపాకీ మేమే కొనాలా?
– ఒక తండ్రి, వనస్థలిపురం

జవాబు: మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ తొమ్మిదో ఏట మొదలుపెట్టింది, 2018లో పదమూడేళ్లకే, గాలి ఒత్తిడితో చిన్న సీసం గుండును వదిలే ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ చాంపియన్ అయింది. ఆ ఉదాహరణ చూపించి ‘ఇప్పుడు చేర్చకపోతే ఆలస్యమైపోతుంది’ అనేవాళ్లు ఉంటారు. కంగారు పడకండి. వయసు కంటే ముందు చూడాల్సినవి రెండు: బరువు, మాట వినే తీరు.

బరువు సంగతి. పది మీటర్ల దూరం నుంచి కాల్చే ఎయిర్ రైఫిల్ అయిదున్నర కిలోల దాకా ఉండొచ్చని పోటీల నియమం. పెద్దవాళ్లు వాడేవి సాధారణంగా నాలుగు కిలోలు దాటతాయి. మీ వాడు పాతిక కిలోలకు అటూ ఇటూ ఉంటాడు. తనలో ఆరోవంతు బరువు మోస్తూ నిలబడాలంటే తుంటి ముందుకు తోసి, నడుము వెనక్కి వంచక తప్పదు. ఎదిగే వెన్నుకు అది మంచిది కాదు. పిల్లల కోసం చేసిన తేలికపాటి రైఫిల్ రేంజిలో, అంటే షూటింగ్ నేర్పే చోట, ఉంటే సరే, లేకపోతే పన్నెండు దాటనివ్వండి.

పిస్టల్ ఒక కిలోకు అటూ ఇటూ ఉంటుంది కానీ ఒంటి చేత్తో, చెయ్యి బారుగా చాపి పట్టాలి. పది సెకన్లలో మణికట్టు వాలుతుంది. వాలేలోపే కాల్చేయాలని పిల్లవాడు ట్రిగ్గర్‌ను లటుక్కున గుంజుతాడు. ఆ గుంజుడు ఒకసారి అలవాటైతే వదిలించడానికి ఏళ్లు పడుతుంది. అందుకని తొమ్మిదేళ్లవాడికి మొదటి ఆరు నెలలు పిస్టల్‌ను స్టాండు మీదో ఇసుక సంచి మీదో ఆనించి కాల్పించాలి. చెయ్యి చాపి నిలబడటం పదకొండు, పన్నెండేళ్లకు చూసుకోవచ్చు. చేరిన మొదటి రోజే ఆధారం లేకుండా నిలబెట్టి కాల్పించే కోచ్ దగ్గర చేర్చకండి.

మొదటి రెండు వారాలు ఛర్రా, అంటే ఆ చిన్న గుండు, అక్కర్లేదు. సైటు అంటే గురి చూసుకునే ముక్క, పిస్టల్ మీద ముందొకటి, వెనకొకటి ఉంటాయి. వెనక సైటు గాడిలో ముందు సైటు నిలబడి, రెండు వైపులా సమానంగా వెలుతురు కనపడాలి. చూపు ముందు సైటు మీదే ఉండాలి, టార్గెట్ మీది నల్ల వలయం మసకగా కనిపించాలి. ఇది పిల్లలు ఒక పట్టాన నమ్మరు. ‘గురి మసకగా ఉంటే ఎలా తగులుతుంది?’ అని వాదిస్తారు. అందుకే వలయాలు లేని తెల్ల కాగితం పెట్టి మొదలుపెట్టించడం మేలు. తెల్ల కాగితం మీద తూట్లన్నీ ఒకచోట గుంపుగా పడితే చాలు. ఎయిర్ పిస్టల్‌లో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, రైఫిల్‌లో అయితే అర మిల్లీమీటరు చుక్క. మొదటి వారమే ఆ చుక్క చూపించి పాయింట్లు లెక్కపెడితే వాడు నెలలో మానేస్తాడు. వారానికి రెండు మూడు రోజులు, రోజుకు ఇరవై ముప్పై ఛర్రాలు, నలభై నిమిషాలు. పోటీల్లో గంటంబావులో అరవై కాలుస్తారు, వీడికి ఆ లెక్క అనవసరం.

మాట వినే తీరు ఇంట్లోనే తెలిసిపోతుంది. పరుగెత్తే ఆటలో ‘ఆగు’ అనగానే ఆగుతాడా, ‘ఒక్కసారే నాన్నా’ అంటాడా? రెండో రకమైతే ఇంకో ఏడాది ఆగండి. రేంజిలో పిల్లలు చేసే తప్పుల్లో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది ఒకటుంది. మంచి షాట్ పడగానే సంబరంగా వెనక్కి తిరుగుతారు, నాన్నకు చూపించడానికి. చేతిలో పిస్టల్ కూడా వాళ్లతోపాటే తిరుగుతుంది. కాబట్టి మీరు వెనక నిలబడి పేరు పెట్టి పిలవకండి, ఫొటో కోసం ‘ఇటు చూడు’ అనకండి. పిస్టల్ బల్ల మీద పెట్టి, చెయ్యి తీసి, ఆ తర్వాతే తిరగాలి. కాల్చే క్షణం తప్ప వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు, పక్కన చాపి ఉంచాలి.

చేర్చే ముందు రేంజికి వెళ్లి అరగంట ఊరికే కూర్చుని చూడండి. తుపాకీ కింద పెట్టినప్పుడల్లా గొట్టంలో రంగు రంగుల ప్లాస్టిక్ తాడు కనిపిస్తోందా? లోపల ఛర్రా లేదని చెప్పే గుర్తు అది. ఎవరైనా టార్గెట్ల వైపు నడిచే ముందు అందరి తుపాకుల్లోనూ ఆ తాడు ఉందో లేదో చూస్తున్నారా? కొత్త పిల్లలిద్దరికి ఒక పెద్ద మనిషి ఉన్నారా? కళ్లకు రక్షణగా అద్దాలు పెడుతున్నారా? కాల్చే చోట బిస్కెట్లు తినకుండా చూస్తున్నారా? ఛర్రాలు సీసంతో చేస్తారు. చేతులు ఖాళీ లేక వాటిని నోట్లో పెట్టుకునే పాడలవాటు పెద్దవాళ్లలోనూ ఉంది. ఎదిగే మెదడుకు సీసం విషం. కాల్చాక సబ్బుతో చేతులు కడిగిన తర్వాతే టిఫిన్ డబ్బా తెరవాలి.

కొనుగోలు సంగతి. ఆరు నెలలు రేంజి తుపాకీతోనే గడపండి. గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ల లోపు ఉన్న ఎయిర్ గన్‌కు మన దేశంలో లైసెన్సు అక్కర్లేదు. పోటీ తుపాకుల శక్తి ఏడెనిమిది జౌళ్లే. అంతమాత్రాన బొమ్మ అనుకోకండి, దగ్గర నుంచి తగిలితే చర్మంలోకి దిగుతుంది, కంటికి తగిలితే కన్ను పోతుంది. పోటీ తుపాకీకి ఉండే గాలి సిలిండర్లో 200 బార్ల దాకా ఒత్తిడి ఉంటుంది. దాని మీద అచ్చయిన తేదీ చూడండి, తయారై పదేళ్లు దాటితే పక్కన పెట్టేయాలి. నింపే పని పిల్లలది కాదు. బుల్లెట్ తుపాకీ లైసెన్సుకు 21 ఏళ్లు నిండాలి, దాని గురించి ఇప్పుడు ఆలోచన వద్దు.

ప్రశ్న: జాతరలో బెలూన్లు కాల్చే తుపాకీ అయిదేళ్ల పాపకు ఇవ్వొచ్చా? ఏడ్చి గోల చేసింది.
– ఏలూరు నుంచి ఒక అమ్మమ్మ

జవాబు: అయిదేళ్లకు వద్దమ్మా. ఎనిమిది దాటాక, పెద్దవాళ్లు పట్టుకుని ఉంటే సరే. ఆ తుపాకీలో ప్రమాదం ఛర్రాతోనే కాదు. గొట్టాన్ని మధ్యకు విరిచి స్ప్రింగు ఎక్కిస్తారు కదా, విరిచి ఉన్నప్పుడు ట్రిగ్గర్ నొక్కుకుంటే గొట్టం ఫట్‌మని పైకి లేస్తుంది. మడత దగ్గర చిన్న వేళ్లుంటే నలిగిపోతాయి. ఛర్రా పెట్టి, గొట్టం మూసే దాకా పిల్లల్ని ఒక అడుగు దూరంలో ఉంచండి. బెలూన్ల వెనక ఏముందో కూడా చూడండి. మందపాటి గుడ్డ వేలాడుతుంటే ఛర్రా దానికి తగిలి కింద పడుతుంది. రేకు ఉంటే మాత్రం వెనక్కి ఎగురుతుంది, ఆ కొట్టు దాటి ముందుకెళ్లండి. గురి తప్పితే మాత్రం పాపను ఏమీ అనకండి, ఆ తుపాకుల్లో చాలావాటికి సైటు వంకరే.

ప్రశ్న: కోతులు మక్క చేనును బతకనిస్తలేవు. కార్బైడ్ వేసి పేల్చే పైపు తుపాకీ పధ్నాలుగేళ్ల మా అబ్బాయికిచ్చి కాపలా పెడదామనుకుంటున్నం. పాత ఎయిర్ గన్ కూడా ఉంది. ఏది నయం?
– ఒక రైతు, సిరిసిల్ల జిల్లా

జవాబు: పైపు తుపాకీ అసలే వద్దు, మీరు కూడా వాడకండి. కార్బైడ్ మీద నీళ్లు పడితే అసిటిలీన్ గ్యాసు పుడుతుంది, లైటరు నిప్పుకు అది పేలుతుంది. ఎంత గ్యాసు చేరిందో లెక్క ఉండదు. ఒకసారి పేలకపోతే ఏమైందా అని పిల్లవాడు గొట్టంలోకి తొంగిచూస్తాడు, సరిగ్గా అప్పుడే పేలుతుంది. 2025 దీపావళికి భోపాల్‌తో పాటు మధ్యప్రదేశ్‌లో చాలా చోట్ల ఇలాగే వందమందికి పైగా, ఎక్కువగా పిల్లలే, కళ్లకు దెబ్బలతో ఆసుపత్రుల పాలయ్యారు. కొందరికి చూపు పోయింది. కాలిన గాయం ఒక్కటే కాదు. కార్బైడ్ నీళ్లతో కలిస్తే మిగిలేది సున్నం, అది కంటి నల్లగుడ్డును లోపలికంటా తినేస్తుంది.

ఎక్కడైనా అలా జరిగితే కన్ను నలపనివ్వకండి. పైకి కనిపించే రేణువుల్ని పొడి దూది కొసతో తీసేసి, వెంటనే ధారగా మంచినీళ్లు పోస్తూ అరగంట కడగండి. దారిలో కూడా కడుగుతూనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆకు పసరు, తల్లిపాలు వేయొద్దు.

ఎయిర్ గన్ సంగతి వేరు కానీ ఒంటరిగా చేనులో ఉన్న పధ్నాలుగేళ్లవాడికి అదీ వద్దు. కోతి వచ్చేదాకా స్ప్రింగు ఎక్కించి ఒళ్లో పెట్టుకుంటాడు, తర్వాత మర్చిపోయి మంచె ఎక్కుతాడు. పాత తుపాకుల్లో ట్రిగ్గర్ అరిగి, కాస్త కుదుపుకే పేలుతుంది. ‘ఛర్రా లేకుండా వట్టి చప్పుడుకు కాల్చుకో’ అంటారు కొందరు. స్ప్రింగు తుపాకీని వట్టిగా కాలిస్తే పిస్టన్ నేరుగా లోపలి గోడకు గుద్దుకుని చెడిపోతుంది. పైగా రెండో రోజు నుంచి వాడి చూపు కోతుల మీద నుంచి పిట్టల మీదికి పోతుంది, అడవి పిట్టల్ని కొట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. డబ్బా మోత, ఒక కుక్క, వంతులవారీగా పెద్ద మనుషులు. కష్టమే, కానీ పిల్లవాడి కన్ను పోదు.

ప్రశ్న: బొమ్మ తుపాకీతో ఆడితే పిల్లలు మొండిగా తయారవుతారా?
– రాజమహేంద్రవరం

జవాబు: దొంగా-పోలీసు ఆడినంత మాత్రాన ఎవరూ చెడిపోరు. మా భయం కళ్ల గురించి. ఆరు మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు పేల్చేవి కొనకండి. నీళ్లలో నానబెట్టే జెల్ గోళీల తుపాకీ ఇంకో రకం ముప్పు: చిన్న తమ్ముడు నానని గోళీలు మింగితే అవి కడుపులో ఉబ్బి పేగుకు అడ్డం పడతాయి.

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఉంటాం. ఏడేళ్ల మా పాపను క్లాస్‌మేట్ ఇంట్లో రాత్రి పడుకోవడానికి పిలిచారు. ఆ ఇంట్లో తుపాకులున్నాయని విన్నాం. అడిగితే తప్పుగా అనుకుంటారేమో. మావారేమో మనమూ ఒకటి కొందాం, పాపకు చూపించి జాగ్రత్తలు చెబితే కుతూహలం తీరిపోతుంది అంటున్నారు.
– ఒక తల్లి, టెక్సస్

జవాబు: అడగండి, విడిగా కాకుండా మిగతా వాటితో కలిపి. పాపకు వేరుశెనగ పడదు, కుక్కంటే భయం, ఈత కొలనుకు కంచె ఉందా, తుపాకులు తాళంలో ఉంటాయా. ఒకే ఊపులో నాలుగూ అడిగితే ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. జవాబును జాగ్రత్తగా వినండి. ‘పై అరలో ఉంది’, ‘లోడ్ చేసి లేదు’, ‘మా పిల్లలు ముట్టరు’ ఇవేవీ చాలవు. తుపాకీ ఒక తాళంలో, గుళ్లు వేరే తాళంలో, ఆ నంబరు పిల్లలకు తెలియకుండా. ఇది వినపడితే పంపండి. లేకపోతే ఆ అమ్మాయినే మీ ఇంటికి పిలవండి, ఎవరికీ నొప్పి ఉండదు.

మీవారి వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ 2001లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చూడండి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మగపిల్లల్ని చిన్న చిన్న జట్లుగా ఒక గదిలో వదిలి, సొరుగులో నిజమైన పిస్టల్ దాచారు, పేలకుండా ఏర్పాటు చేసి. దాన్ని కనిపెట్టిన 21 జట్లలో 16 చేతిలోకి తీసుకున్నాయి, పదింటిలో ఎవరో ఒకరు ట్రిగ్గర్ నొక్కారు. ముట్టుకున్న పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా అంతకుముందు తుపాకీ జాగ్రత్తలు విన్నవాళ్లే. ఏడేళ్ల పిల్లకు వేలి బలం చాలదు కదా అనుకోవద్దు. చిన్న పిల్లలు తుపాకీని తమవైపు తిప్పుకుని రెండు బొటనవేళ్లతో నొక్కుతారు.

పాపకు నాలుగు మాటలు మాత్రం నేర్పండి: ఆగు, ముట్టకు, దూరం జరుగు, పెద్దవాళ్లకు చెప్పు. నెలకోసారి అడిగి చెప్పించండి. అయితే దాన్ని నమ్ముకుని తాళం మానేయకండి. అమెరికాలో 2020 నుంచి పిల్లల, టీనేజర్ల మరణాలకు మొదటి కారణం తుపాకీయే. అందులో ఆత్మహత్యలు కూడా ఉన్నాయి, కాబట్టి పదహారేళ్ల బుద్ధిమంతుడికీ, గురి బాగా నేర్చినవాడికీ ఆ తాళం వర్తిస్తుంది. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేయడం టెక్సస్‌లో నేరం కూడా.

అన్నీ విని కూడా మీవారు కొంటానంటే తుపాకీ కంటే ముందు పెట్టె కొనండి. హ్యాండ్‌బ్యాగు, కారు డ్యాష్‌బోర్డు, పరుపు కింద, ఇవి దాచే చోట్లు కావు. నంబరు నొక్కేటప్పుడు పాప పక్కన ఉంటే మర్నాడే మార్చండి, పిల్లలు ఫోన్ పాస్‌వర్డ్ పట్టేసినట్టే ఇదీ పడతారు. పిస్టల్ నుంచి మేగజీన్ (గుళ్లు నింపే డబ్బీ) తీసేస్తే ఖాళీ అయినట్టు కాదు, గొట్టం మొదట్లో ఒక గుండు మిగిలి ఉండొచ్చు. ముందు మేగజీన్ తీసి, తర్వాత స్లైడు (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) రెండు మూడుసార్లు వెనక్కి లాగి, తెరిచి పట్టుకుని కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి, ఆ తర్వాతే పెట్టెలో పెట్టాలి. వరస తారుమారైతే, అంటే స్లైడు లాగాక మేగజీన్ తీస్తే, కొత్త గుండు లోపలికి ఎక్కి కూర్చుంటుంది.