బైక్ మీద నుంచి పడ్డాను.. తల నొప్పి తగ్గట్లేదు, హార్డ్ డిస్క్ టిక్కుమంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, మాది కడప. బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను. నాలుగు రోజుల కిందట ప్రొద్దుటూరు నుంచి వస్తుంటే ఇసుకలో బండి జారి పడ్డాను. హెల్మెట్ ఉంది కాబట్టి రక్తం రాలేదు గానీ తల రోడ్డుకు గట్టిగా తగిలింది, కాసేపు ఏం జరిగిందో అర్థం కాలేదు. బ్యాగులోని ల్యాప్‌టాప్ కూడా కింద పడింది. ఆన్ అవుతోంది కానీ బాగా స్లో అయింది, ఫోల్డర్ తెరిస్తే టిక్కుమని శబ్దం వస్తోంది. మా నాన్న యాంజియోగ్రామ్ వీడియో, డిశ్చార్జి సమ్మరీ అన్నీ అందులోనే ఉన్నాయి. అర్ధరాత్రి దాటేదాకా దాన్నే చెక్ చేస్తూ కూర్చుంటున్నా. తలనొప్పి, వికారం, స్క్రీన్ చూస్తే కళ్లు లాగేయడం. రెస్ట్ తీసుకోమంటున్నారు, డిస్క్ పోతే ఎలా?

జవాబు: ఇది చదివిన వెంటనే ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, ఇంట్లో ఒకరిని తోడు తీసుకుని రిమ్స్ క్యాజువాలిటీకో, దగ్గర్లో సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికో వెళ్లండి. బండి మీరు నడపొద్దు. పడ్డాక కాసేపు ఏం జరిగిందో తెలియలేదన్న మాట డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి, చాలామంది సిగ్గుపడో, చిన్న విషయమనుకునో దాన్ని దాచేస్తారు. నాలుగు రోజులైనా తలనొప్పి, వికారం తగ్గలేదంటే పరీక్ష చేయించుకోవాల్సిందే, స్కాన్ అవసరమా కాదా అన్నది చూసిన డాక్టర్ తేలుస్తారు. వాంతులు మళ్లీమళ్లీ అవుతున్నా, మగతగా ఉన్నా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలా కారుతున్నా ఇంకేమీ ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

స్కాన్ నార్మల్ అని వస్తే సంతోషమే, కానీ అక్కడితో అయిపోలేదు. సీటీలో రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి కనిపిస్తాయి. మెదడు కుదుపుకు గురై కొన్నాళ్లు సరిగ్గా పని చేయకపోవడం, మేం కన్‌కషన్ అంటాం, అది స్కాన్‌లో కనబడదు. మీరు రాసిన లక్షణాలు చాలావరకు దానివే అనిపిస్తున్నాయి. దానికి మందు విశ్రాంతే, అందులోనూ మొదటి రెండు రోజులు స్క్రీన్‌కు దూరంగా ఉండటం చాలా ముఖ్యం. మీరేమో సరిగ్గా ఆ రోజుల్లోనే నిద్ర మానుకుని స్క్రీన్ ముందు కూర్చున్నారు, తలనొప్పి ఎలా తగ్గుతుంది చెప్పండి? నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కలిసిన బిళ్లలు మాత్రం డాక్టర్ చూసేదాకా వద్దు. నాన్నగారికి గుండె సమస్య అంటున్నారు కాబట్టి ఇంట్లో ఆస్పిరిన్ ఉండే ఉంటుంది, తలనొప్పికి అది అస్సలు వేసుకోకండి, లోపల రక్తస్రావం ఏమైనా ఉంటే పెరుగుతుంది.

ఇక డిస్క్. ఇది డాక్టర్ పని కాదని నాకు తెలుసు, కానీ ఆ టెన్షన్ తీరకపోతే మీరు పడుకోరు, అందుకే తెలిసినంత రాస్తున్నా. ఈ పని మీరు చేయొద్దు, కంప్యూటర్ తెలిసిన తమ్ముడో స్నేహితుడో ఉంటే వాళ్లకు అప్పగించండి.

ముందు అది హార్డ్ డిస్కా, ఎస్‌ఎస్‌డీనా తెలియాలి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద రాసి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలే ఉండవు కాబట్టి టిక్కుమనదు. మీ దాంట్లో శబ్దం వస్తోందంటే లోపల పళ్లేలు తిరిగే పాత రకం డిస్కే అయి ఉండాలి. ల్యాప్‌టాప్‌లలో ఆ పళ్లేలు ఎక్కువగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటాయి, చదివే హెడ్ వాటిని తాకకుండా వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో తేలుతుంటుంది. మూత మూసి అలాగే బ్యాగులో పెట్టారా, షట్‌డౌన్ చేశారా? తిరుగుతుండగా పడితేనే హెడ్ పళ్లేన్ని గీకే ప్రమాదం ఎక్కువ.

ఎప్పుడైనా ఒకసారి చిన్నగా టిక్ అంటే పర్లేదు. టిక్ టిక్ టిక్ అని వరసగా కొట్టుకుంటూ, ఫైళ్లు తెరుచుకోకపోతే మాత్రం ఇంకో టెస్ట్ కూడా పెట్టొద్దు. ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పంపడమే, ఆన్‌లో ఉన్న ప్రతి నిమిషం గీత ఇంకా లోతవుతుంది. డిస్క్ విప్పి చూస్తామనేవాళ్లకు, ఫ్రిజ్‌లో పెట్టమనేవాళ్లకు ఇవ్వకండి.

శబ్దం అంతగా లేకుండా ఫైళ్లు తెరుచుకుంటుంటే మొదటి పని చెకింగ్ కాదు, కాపీ. నాన్నగారి ఫోల్డర్, సర్టిఫికెట్లు, ఫొటోలు, ఈ వరసలో పెన్‌డ్రైవ్‌కో ఎక్స్‌టర్నల్ డిస్క్‌కో ఎక్కించాలి, సినిమాలు చివర్లో. కాపీ కాకముందు డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్, ఫైళ్లను సర్దే డీఫ్రాగ్ లాంటివి పెడితే దెబ్బతిన్న డిస్క్ మీద మొత్తం భారం పడుతుంది. ఈ నాలుగు రాత్రులూ మీరు చేసింది అలాంటి చెకింగే అయితే ఇక ఆపండి.

కాపీ అయ్యాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిస్తే పైన గుడ్ అనో కాషన్ అనో కనిపిస్తుంది. గుడ్ అన్నంత మాత్రాన నమ్మేయకుండా కింద 05, సి5, సి6 వరసల్లో చివరి గడిలో ఉన్న సంఖ్య చూడాలి. 05 అంటే పాడైపోయి పక్కన పెట్టేసిన సెక్టార్లు (డిస్క్‌లో డేటా రాసే చిన్న భాగాలు), సి5 అంటే చదవడానికి మొరాయిస్తున్నవి, సి6 అంటే సరిచేయలేకపోయినవి. మూడూ సున్నా అయితే ఊరట. ఒక్కసారి బీపీ చూసి మందు మొదలుపెట్టం కదా, ఇదీ అంతే, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకుని వారం తర్వాత మళ్లీ చూడమనండి. అంకె పెరిగిందా, ఇక ఆలోచించకుండా డిస్క్ మార్చేయండి. మొత్తం డిస్క్ పరీక్షించాలంటే సీటూల్స్ అనే డిస్క్ పరీక్ష సాఫ్ట్‌వేర్‌లో లాంగ్ టెస్ట్ ఉంది, గంటల కొద్దీ పడుతుంది గానీ దాని ముందు ఎవరూ కూర్చోనక్కర్లేదు, ఛార్జర్ పెట్టి స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్ చేస్తే చాలు.

అయితే ఛార్జర్ పెట్టే ముందు ల్యాప్‌టాప్ అడుగు భాగం, టచ్‌ప్యాడ్ దగ్గర ఉబ్బిందేమో వేలితో తడిమి చూడాలి. దెబ్బ తిన్న లిథియం బ్యాటరీ ఉబ్బితే ఛార్జింగ్‌లో మంటలు రావచ్చు, మంచం మీద, దిండు పక్కన ఛార్జింగ్ అస్సలు వద్దు.

నాన్నగారి రిపోర్టుల గురించి అంత భయం అక్కర్లేదు. 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు 3 ఏళ్లు దాచాలి, రోగి గానీ ఆయన తరఫున అధికారం ఉన్నవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. యాంజియోగ్రామ్ చేసిన ఆస్పత్రి రికార్డుల విభాగంలో రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి డిశ్చార్జి సమ్మరీ, వీడియో సీడీ ఇంకోటి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. నాన్నగారి సంతకంతో ఉత్తరం తీసుకెళ్తే పని తేలిక.

డాక్టర్ పని చేసుకోవచ్చని చెప్పాక కూడా మొదట అరగంట చొప్పున కూర్చోండి, తలనొప్పి మొదలైతే లేచేయండి. రెండు మూడు వారాల తర్వాత నొప్పి కొత్తగా పెరిగినా మళ్లీ చూపించుకోండి, మెల్లగా రక్తం చేరే రకం అప్పుడు బయటపడొచ్చు. సెలవు కోసం కంపెనీకి సర్టిఫికెట్ కావాలంటే రేపు మిమ్మల్ని చూసే డాక్టర్నే అడగండి... రేపు కాదు, ఇవాళే వెళ్లండి.