ప్యానెల్‌లో పేరు ఎక్కితే పని వచ్చినట్టేనా?

తిరుపతిలో సొంతంగా ఆఫీసు పెట్టుకున్న ఆర్కిటెక్ట్ అడిగిన ప్రశ్న ఇది. కాదండీ. ఎంప్యానెల్‌మెంట్ అంటే ఒక సంస్థ తన ప్యానెల్‌లో పేరు చేర్చుకోవడం. రేపు ఆ సంస్థకు పని పడినప్పుడు కొటేషన్ అడిగే జాబితాలో మీరూ ఉంటారని, అంతే. పని ఇస్తామన్న హామీ లేదని సాధారణంగా దరఖాస్తులు పిలిచే నోటీసులోనే ఒక మూల రాసి ఉంటుంది. చాలామంది అక్కడిదాకా చదవరు.

పాన్, జీఎస్టీ, ఐటీ రిటర్నులు ఎలాగూ అడుగుతారు. ఆర్కిటెక్ట్ అయితే 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ గడువు దాటకుండా ఉండాలి. అసలు చిక్కు అనుభవ పత్రాల దగ్గర. అలిపిరి వైపు ఎవరికో లాడ్జి ప్లాన్ గీసిచ్చారనుకోండి, యజమాని లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన కాగితం ఒక్కటే చాలదు. ప్రైవేటు పనికి టీడీఎస్ రుజువు, అంటే యజమాని మీ ఫీజులోంచి పన్ను కోసి కట్టినట్టు ఆధారం కూడా అడగడం మామూలే. ఫీజు నగదుగా పుచ్చుకుని ఉంటే ఆ పని లెక్కలోకి రావడం కష్టం. టర్నోవర్ సర్టిఫికెట్ మీద సీఏ సంతకంతోపాటు యూడీఐఎన్, అంటే ఆ సర్టిఫికెట్‌కు విడిగా ఇచ్చే అంకెలు, అక్షరాలు కలిసిన 18 స్థానాల గుర్తింపు సంఖ్య ఉందో లేదో చూసుకోండి. 2019 నుంచి అది తప్పనిసరి.

ప్యానెల్‌కు గడువు ఉంటుంది, అది ముగిస్తే మళ్లీ దరఖాస్తే. నన్నడిగితే, చేతిలో పని లేని రోజుల్లోనే ఫైలు సిద్ధం చేసుకోండి. నోటీసు పడ్డాక పాత క్లయింట్ల చుట్టూ తిరగడం పెద్ద టెన్షన్.